మట్టిని చదివిన విద్యార్థి

వేరుసెనగ చేనిలో ఒక మొక్కను మెల్లగా పెరికి, వేళ్ళకంటిన మన్నును నీటితో కడిగి చూడుడు. కాయలు వ్రేలాడుచుండును. అవి యందఱకును తెలిసినవే. కాని సన్నని వేళ్ళ వెంబడి ఆవగింజలంతేసి బుడిపెలు కొన్ని అంటుకొని యుండును. వీనిని పలువురు గమనింపరు. గమనించినవారును ఏదో తెగులు కాబోలునని తలంతురు. ఆ బుడిపెను గోటితో చిదిమినచో లోపల గులాబివన్నె కానవచ్చును. అది తెగులు కాదు. మొక్కకు ఆహారమును సిద్ధపఱచు చిన్న వంటయిల్లు.

ఇట్టి నేలమర్మములను వ్యవసాయ కళాశాలలో అభ్యసించి, వానిని నిరుపేద రైతుల గుడిసెలకు మోసికొనిపోయిన విద్యార్థి యొకడు అమెరికా దేశమున నుండెను. అతని పేరు జార్జి వాషింగ్టను కార్వరు. అతడు పెద్దవాడైన పిదప చేసిన పనులను లోకము విశేషముగా కొనియాడును. కాని ఆ పనులకు విత్తనము పడినది అతడు విద్యార్థిగా గడపిన సంవత్సరములలోనే. కనుక ఆ విద్యార్థిదశనే ఇచట ముఖ్యముగా తెలిసికొందము.

జార్జి సుమారు 1864వ సంవత్సరమున, మిస్సోరీ రాష్ట్రమున, డైమండు గ్రోవు అను పల్లె చెంత జన్మించెను. అప్పటికింకను అచట బానిసత్వము తొలగలేదు. ఆఫ్రికా సంతతివారు పశువులవలె కొనబడుచు, అమ్మబడుచు నుండిరి. అతని తల్లి మేరీ, మోజెస్ కార్వరు అను రైతు ఇంట బానిసగా నుండెను. తండ్రిని జార్జి యెఱుగడు. అతడు పసికందుగా నున్నపుడు దోపిడీగాండ్రు తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోయిరి. బిడ్డ తిరిగి దొరకెను గాని తల్లి జాడ మరల తెలియరాలేదు. బిడ్డను వెదకి తెచ్చినవానికి మోజెస్ ఒక గుఱ్ఱమును బహుమానముగా నిచ్చెనని చెప్పుదురు. 1865లో బానిసత్వము రద్దయ్యెను. పిదప మోజెస్ దంపతులు జార్జిని, అతని యన్నను తమ యింటనే పెంచిరి.

జార్జి మిక్కిలి బలహీనుడు. పొలములో బరువుపనులు చేయలేకుండెను. అందుచే వంట చేయుట, బట్టలుతుకుట, కుట్టుపని మొదలైనవి నేర్చుకొనెను. తీరిక దొరకినంతనే అడవికి పోయి మొక్కలను తెచ్చి, ఎవరికిని కానరాని చోట ఒక చిన్న తోటను పెంచుకొనుచుండెను. వాడిన మొక్కను బ్రతికించుటలో వానికి గల నేర్పును చూచి ఇరుగుపొరుగువారు వానిని మొక్కల వైద్యుడని పిలువసాగిరి. కాని వైద్యునకు విద్య కావలయును గదా! ఆ పల్లెలోని బడి తెల్లవారి పిల్లలకే గాని నల్లవారి పిల్లలకు కాదు. కొన్ని మైళ్ళ దూరమున నున్న నియోషో అను పట్టణమున నల్లపిల్లల బడి యున్నదని విని, బాలుడు ఇల్లు విడిచి ఒంటరిగా అచటికి నడచిపోయెను. ఒక చాకలిపని చేయు తల్లి యింట చేరి, ఆమెకు పనిలో సాయపడుచు చదువుకొనెను.

అది మొదలు అతని జీవితము ఊరూర సాగిన చదువుల యాత్ర. బట్టలుతికి, ఇస్త్రీ చేసి, వంట వండి, సంపాదించిన సొమ్ముతో ఒక్కొక్క తరగతి చదివెను. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన తరువాత కాన్సాసు రాష్ట్రములోని యొక కళాశాలకు దరఖాస్తు వ్రాసెను. చేర్చుకొందుమని ప్రత్యుత్తరము వచ్చెను. ఆశతో అతడచటికి పోగా, అధికారులు అతని దేహచ్ఛాయను చూచి, నల్లవారికి ఇచట ప్రవేశము లేదని త్రిప్పి పంపిరి. విద్యార్థికి ఇంతకంటె గొప్ప అవమానము వేఱొకటి కలదా? అయినను అతడు చదువును ద్వేషింపలేదు. కొన్నియేండ్లు ఆగి, 1890లో అయోవా రాష్ట్రమున ఇండియానోలా యందలి సింప్సను కళాశాలలో చేరెను. చేరుటకు చెల్లింపవలసినవి చెల్లింపగా చేత మిగిలినది పది సెంట్లు. అయిదు సెంట్ల మొక్కజొన్న పిండి, అయిదు సెంట్ల పశువుల క్రొవ్వు కొని, వానితో ఒక వారము గడపితినని పిమ్మట అతడే వ్రాసికొనెను. తోటి విద్యార్థుల బట్టలుతికి జీవనము సాగించుచు, అచట సంగీతమును, చిత్రలేఖనమును అభ్యసించెను.

చిత్రకారుడు కావలెనని అతని కోరిక. అతడు గీసిన పూవులు సజీవములవలె నుండెడివి. కాని ఎట్టా బడ్ అను చిత్రకళోపాధ్యాయిని అతని చిత్రములను మెచ్చుకొనుచునే, వాని భవిష్యత్తును గూర్చి చింతించెను. ఆ కాలమున నల్లజాతివాడు చిత్రములమ్ముకొని బ్రతుకుట మిక్కిలి కష్టము. ఆమె తండ్రి ఏమ్సు పట్టణమున వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్రాచార్యుడు. నీవు మొక్కలను ఇంత చక్కగా ఎఱుగుదువు, ఆ శాస్త్రమునే ఏల చదువరాదని ఆమె ప్రోత్సహించెను. కుంచెను విడుచుట కార్వరునకు సులభము కాదు. అయినను తనవారిలో అధికులు దక్షిణ రాష్ట్రములలో సారము తప్పిన నేలను దున్నుకొనుచు కడుపు నిండక అలమటించుచున్నారు. వారికి చిత్రపటముకంటె పంట ముందు కావలెను. ఇట్లు తలపోసి 1891లో అతడు ఏమ్సునకు పోయెను.

ఏమ్సు కళాశాల యెట్టిదో కొంత తెలిసికొనవలయును. 1862వ సంవత్సరమున, అంతర్యుద్ధము సాగుచుండగనే, అధ్యక్షుడగు అబ్రహాం లింకను ఒక చట్టముపై సంతకము చేసెను. దానిని ప్రతిపాదించినవాని పేర అది మోరిల్ చట్టమని ప్రసిద్ధి కెక్కినది. కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు భూముల నొసగవలెననియు, ఆ భూములవలన వచ్చు ధనముతో వ్యవసాయమును, యంత్రశిల్పములను బోధించు కళాశాలలను నెలకొల్పవలెననియు ఆ చట్టము విధించెను. అంతకు మునుపు ఉన్నతవిద్య యనగా ప్రాచీన భాషలు, మతశాస్త్రము, న్యాయశాస్త్రము మొదలైనవియే. నాగలి పట్టువాని బిడ్డకును, సుత్తె పట్టువాని బిడ్డకును అందు చోటు స్వల్పము. ఈ చట్టమును మొట్టమొదట అంగీకరించిన రాష్ట్రము అయోవా. పిదప 1887లో మఱియొక చట్టముచే ఇట్టి కళాశాలలకు ప్రయోగక్షేత్రములు కూడ ఏర్పడెను. ఉదయము తరగతిలో విన్నదానిని సాయంకాలము పొలములో పరీక్షించి చూచుకొను వీలు ఇట్లు కలిగినది.

ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి కార్వరే. విద్యార్థుల వసతిగృహమున అతనికి చోటు దొరకలేదు. ఒక ఆచార్యుడు తన కార్యాలయపు గదిని అతని నివాసమునకై యిచ్చెను. భోజనశాలలో తెల్ల విద్యార్థుల సరసను కూర్చుండనీయక, క్రింది అంతస్తులో పనివారితో కలిసి తినుమని అధికారులు చెప్పిరి. ఈ సంగతి ఇండియానోలాలో అతనిని ఆదరించిన లిస్టను అను గృహిణికి తెలిసెను. ఆమె తనకున్న దుస్తులలో మేలైనవి ధరించి, రైలెక్కి ఏమ్సునకు వచ్చి, కార్వరు వెంట కళాశాల ఆవరణమంతయు తిరిగెను. భోజనవేళ తానును ఆ క్రింది గదికే పోయి అతని ప్రక్కన కూర్చుండి భుజించెను. ఆమె ఎవరిని నిందింపలేదు, ఎవరితోను వాదింపలేదు. కాని ఆ దినము మొదలు అచటివారి నడత కొంత మాఱెను. ఒక్కొక్కప్పుడు వేయి మాటలు చేయలేని పనిని ప్రక్కన కూర్చుండుట యను చిన్న చర్య చేయగలదు.

ఇక కార్వరు తన గుణములతో తోడివారి మనస్సులను గెలుచుకొనెను. భోజనశాలలో వడ్డించెను; కట్టడములను శుభ్రపఱచెను; ఆటగాండ్రకు ఒడలు పట్టెను. విద్యార్థుల సైనిక శిక్షణయందు క్రమముగా కెప్టెను పదవికి ఎదిగెను. చిత్రలేఖనమును పూర్తిగా విడువలేదు. అతడు చిత్రించిన యొక ఎడారిమొక్క పటము 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ప్రశంస నందినది.

కళాశాలలో అతడు వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, ఉద్యానశాస్త్రము మొదలగునవి అభ్యసించెను. చిన్ననాట అతనికి మొక్కను బ్రతికించుట తెలియును. అది ఏల బ్రతికినదో తెలియదు. ఆ కారణమును ఇచట తెలిసికొనసాగెను. గాజుపలకలతో కట్టిన మొక్కల యింటిలో వేడిని, తేమను అదుపున నుంచుచు చలికాలమునను మొక్కలను పెంచుట నేర్చెను. వేఱువేఱు జాతుల పూల పుప్పొడిని కలిపి సంకరజాతులను పుట్టించెను. అంటుకట్టుటలో సిద్ధహస్తుడై, బ్రహ్మజెముడు వంటి ముండ్ల మొక్కలకు అంటుకట్టు విధమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. 1894లో పట్టమునకై అతడు సమర్పించిన వ్యాసము పేరు "మానవునిచే మార్పునొందిన మొక్కలు". ప్రకృతి యిచ్చినదానిని ఓర్పుతో, తెలివితో మేలుపఱచవచ్చుననుట దాని సారాంశము.

లూయీ పామ్మెల్ అను వృక్షశాస్త్రాచార్యుడు అతనికి గురువై, మిత్రుడై, సూక్ష్మదర్శిని యంత్రమున మఱియొక లోకమును చూపించెను. ఆకుపై కానవచ్చు ఒక తుప్పుమచ్చ, కాయపై ఏర్పడు ఒక బూజు—ఇవి యేవో శాపములు కావనియు, శిలీంధ్రములను సూక్ష్మజీవుల పనులనియు అతడు కన్నులార చూచెను. అడవులు, తోటలు తిరిగి అట్టివానిని సేకరించుటలో అతనికి సాటి లేకపోయెను. తరువాతి కాలమున కొన్ని శిలీంధ్రములకు శాస్త్రజ్ఞులు అతని పేరే పెట్టిరి.

ఈ పాఠము మొదట చెప్పిన వేరుబుడిపెల మర్మము ఆ రోజులలో సరిక్రొత్తది. గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్ళు నత్రజని కలదు. పైరులకు అది అత్యవసరము. కాని గాలిలోని నత్రజనిని మొక్క నేరుగా గ్రహింపలేదు. ధాన్యపు కొట్టుకు తాళము వేసియుండగా వాకిట ఆకలితో నిలిచినవాని వంటిది దాని స్థితి. కంది, పెసర, అలసంద, వేరుసెనగ వంటి పప్పుజాతి పైరుల వేళ్ళలో కొన్ని సూక్ష్మజీవులు చేరి బుడిపెలు కట్టును. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చును. ప్రతిఫలముగా మొక్క వానికి చక్కెర నొసగును. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్ అనువారు 1886, 1888 సంవత్సరములలో దీనిని నిరూపించిరి. 1888లోనే బైయరింకు అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను వేఱుచేసి పెంచెను. పప్పుజాతి పైరు వేసిన నేల బలపడునని అనేక దేశముల రైతులు ప్రాచీనకాలము నుండియు ఎఱుగుదురు. తాతలెఱిగిన "ఎట్లు" అను దానికి శాస్త్రము "ఏల" అను దానిని జతపఱచినది. వ్యవసాయ విద్య చేయు పని ఇదియే. అది రైతు అనుభవమును త్రోసివేయదు, దానికి కన్నులిచ్చును.

పట్టము పొందిన వెంటనే కార్వరు ఆ కళాశాలలోనే సహాయకుడుగా నియమింపబడి, మొక్కల యింటిని కనిపెట్టుచు, క్రొత్త విద్యార్థులకు బోధింపసాగెను. ఒక ఆచార్యుని కుమారుడు, హెన్రీ వాలేసు అను చిన్నబాలుడు, అతని వెంట పొలములలో తిరుగుచు పూవుల భాగములను నేర్చుకొనుచుండెను. ఆ బాలుడు పెద్దవాడై సంకరజాతి మొక్కజొన్న వ్యాప్తికి పాటుపడి, 1933లో అమెరికా వ్యవసాయ మంత్రియై, 1941లో ఉపాధ్యక్షుడయ్యెను. తనకు మొక్కలయందు ఆసక్తి కలిగించినవారిలో కార్వరు ఒకడని అతడు తుదివరకు చెప్పుకొనెను.

1896లో కార్వరు ఉన్నతపట్టమును పొందెను. అచటనే యున్నచో గౌరవము, చక్కని ప్రయోగశాల, నిశ్చింతయైన జీవితము లభించును. ఆచార్యులును అతనిని విడుచుట కిష్టపడలేదు. కాని అలబామా రాష్ట్రమున టస్కీగీ యందు నల్లజాతివారి విద్యాలయమును నడుపుచున్న బుకర్ టి. వాషింగ్టను అతనిని పిలిచెను. తనవారికి సాధ్యమైనంత మేలు చేయుటయే తన జీవితాశయమని తెలిపి, కార్వరు ఆ పిలుపు నంగీకరించెను.

ఏమ్సులో గాజుటిండ్లు చూచినవానికి టస్కీగీలో ప్రయోగశాల యను పేరే లేదు. అతడు విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలను వెదకి, పారవేసిన సీసాలు, పాత డబ్బాలు ఏరి తెచ్చి, వానితోనే పరికరములను అమర్చుకొనెను. ఏటేట ప్రత్తియే వేయుటచే అచటి నేల నిస్సారమై, వానలకు కోసుకొనిపోయి, గండ్లు పడియుండెను. కొనుగోలు ఎరువులు పేదలకు అందవు. కాబట్టి రాలిన ఆకులు, చిత్తడి నేలల బురద, పెంట మొదలగునవి కుళ్ళబెట్టి ఎరువు చేయుటయు, ప్రత్తి వేసిన నేలలో అలసంద, వేరుసెనగ, చిలగడదుంప మొదలగు పైరులను మార్చి మార్చి వేయుటయు అతడు చేసి చూపించెను. 1905లో నిస్సారమైన నేలలను బాగుచేయు విధమును గూర్చి ఒక చిన్నపుస్తకము ప్రకటించెను. ఇట్టి పుస్తకములను సామాన్య రైతుకును, గృహిణికిని అర్థమగు సులభమైన మాటలలో వ్రాసెను.

చదువురానివారి మాటయేమి? వారు బడికి రాలేనిచో బడియే వారి కడకు పోవలయునని విద్యాలయమువారు సంకల్పించిరి. 1906లో జెసప్ అను దాత యిచ్చిన ధనముతో ఒక బండి తయారయ్యెను. నాగళ్ళు, విత్తనములు, ఎరువులు, వెన్న చిలుకు యంత్రము మొదలగునవి అందు నింపి పల్లెపల్లెకు త్రిప్పిరి. థామస్ కాంబెల్ అను విద్యావంతుడు దానిని నడపి, రైతుల పొలములలోనే పాఠములు చెప్పెను. దానిని చక్రములపై నడచు వ్యవసాయ పాఠశాల యనవచ్చును.

అయినను ఒక కఠోరసత్యమును మఱువరాదు. ఆ రైతులలో పెక్కుమంది పరుల భూములను పాలికి చేయువారు. ప్రత్తియే వేయవలెనని భూస్వామి శాసించును. అప్పిచ్చిన వర్తకుడును అదే కోరును. పంట మార్చుట మేలని తెలిసినను మార్చు స్వేచ్ఛ వారికి లేదు. అందుచే శాస్త్రమొక్కటియే వారి దారిద్ర్యమును తొలగింపలేకపోయెను. కాని పెరటిలో కూరగాయలు వేసికొనుట, పంది, కోడి పెంచుట, ఆహారమును నిలువచేయుట వంటి పనులు వారి చేతిలోనివే. కార్వరు వానినే పట్టుదలతో బోధించెను. ప్రత్తికాయలను తొలుచు ముక్కుపురుగు 1910 ప్రాంతమున అలబామాలో ప్రవేశించి పంటను నాశనము చేసినపుడు, మార్పుపంటల విలువ పలువురకు తెలిసివచ్చెను.

పండిన వేరుసెనగను ఉపయోగించుకొను మార్గములను కూడ అతడు చూపించెను. 1916లో ప్రకటించిన పుస్తకమున దానిని వండుకొను నూటయైదు విధములను వివరించెను. 1921లో శాసనసభా సంఘము ఎదుట మాటలాడుటకు పది నిమిషములు గడువియ్యగా, సభ్యులు అతని ప్రసంగమునకు ముగ్ధులై ఆ గడువును పొడిగించిరి. వేరుసెనగ వెన్నను అతడే కనిపెట్టెనని పలువురు వ్రాయుదురు. అది నిజము కాదు. అది అంతకు పూర్వమే కలదు. అతని పేర చెప్పెడు వందలకొలది వస్తువులలో అనేకము అంగడికి రానేలేదు. ఇందువలన అతని గొప్పతనము తగ్గదు. ఒక క్రొత్త వస్తువును కనిపెట్టుటకంటె, ఉన్న విద్యను లేనివారికి అందించుటయే అతడు కోరినది. తాను కూడబెట్టిన ధనమును కూడ వ్యవసాయ పరిశోధనకే యొసగి, 1943 జనవరి 5వ తేదీన అతడు కన్నుమూసెను.

బాలబాలికలారా, ఈ కథ మనకు దూరదేశపు కథ కాదు. రాయలసీమ ఎఱ్ఱనేలలలో, విశేషించి అనంతపురము ప్రాంతమున, వేరుసెనగయే పలు కుటుంబములకు ఆధారము. ఇచట ఒక ప్రశ్న పుట్టును. వేరుసెనగ నేలకు బలమిచ్చునన్నచో ఏటేట దానినే వేసిన మేలు గదా? కాదు. ఒకే పైరు మరల మరల వేసినచో దాని తెగుళ్ళును, పురుగులును నేలలో స్థిరపడును. వాన తప్పిన యేడు రైతునకు చేతిలో వేఱొక పంట యుండదు. కార్వరు చెప్పినది వేరుసెనగ వేయుమని కాదు, పైరు మార్చుమని. అచట ప్రత్తికి అలసందయు, వేరుసెనగయు మార్పుపంటలైనట్లే, ఇచట వేరుసెనగకు జొన్న, కొఱ్ఱ, సజ్జ మొదలైనవి మార్పుపంటలు. కృష్ణా డెల్టాలో వరి కోసిన నేలలో మినుము, పెసర చల్లు రైతు ఈ ధర్మమునే పాటించుచున్నాడు.

ఇట్టి విద్యను నేర్పు చోట్లు మనకును కలవు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడెను. 1964లో స్థాపింపబడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము నేడు ఆచార్య ఎన్.జి. రంగా పేర నడచుచున్నది. తెలంగాణమున 2014లో ఆచార్య జయశంకర్ పేర వేఱొక వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. పదవ తరగతి ముగిసిన పిదప వ్యవసాయ పాలిటెక్నిక్కులలో చేరి రెండేండ్లు చదువు అవకాశమును కలదు. కార్వరును కాన్సాసులో త్రిప్పి పంపినట్లు ఏ ద్వారమును మిమ్ము జాతి చూచి త్రిప్పి పంపరాదు. పంపుటకు మన చట్టము ఒప్పదు.

కాని యే కళాశాలలో చేరినను, చేరకున్నను, మొదటి పాఠము మీ యింటి చెంతనే కలదు. సెలవుదినమున చేనికి పొండు. పెద్దల అనుమతి గైకొని ఒక మొక్కను పెరికి వేళ్ళను కడిగి చూడుడు. బుడిపెలను లెక్కింపుడు, ఒకదానిని చిదిమి రంగు చూడుడు. చూచినదానిని చేనిలోని పెద్దకు చెప్పి, అతడెఱిగినదానిని అడిగి తెలిసికొనుడు. నేర్చుకొన్నదానిని ఒకరికి చెప్పునంతవరకు అది సగము విద్యయే. ఏమ్సులో చదివిన విద్యార్థి టస్కీగీకి పోయి మిగిలిన సగమును పూర్తిచేసికొనెను.

ప్రశ్నలు

1. కార్వరు చిత్రకళను విడిచి వ్యవసాయ శాస్త్రమును ఎన్నుకొనుటకు కారణములేవి?
2. లిస్టను అను గృహిణి చేసిన పనిని వివరింపుడు. ఆమె స్థానమున మీరున్నచో ఏమి చేసియుందురు?
3. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులకును, మొక్కకును గల పరస్పర సాహాయ్యము ఎట్టిది?
4. "కార్వరు చెప్పినది వేరుసెనగ వేయుమని కాదు, పైరు మార్చుమని." ఈ వాక్యమును మీ ప్రాంతపు పంటల నుదాహరించి సమర్థింపుడు.
5. పంట మార్చుట మేలని తెలిసియు పాలికాపులు మార్చలేకపోవుటకు హేతువేమి?